దర్జీ నడుము కొలత

మా ఆయన దర్జీ. ముందు గదిలో కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం, మధ్యలో పల్చటి గోడ. ఆ గోడకి ఇవతల కూర్చుని మిషను చప్పుడు వింటే చాలు, ఆయన ఎలా ఉన్నారో నేను చెప్పేయగలను. ఆగి ఆగి నింపాదిగా తొక్కుతుంటే బాగున్నట్టు. ఎవరో తరుముతున్నట్టు ఆపకుండా తొక్కుతుంటే నొప్పి వచ్చినట్టు. నొప్పి వస్తే ముందుకి వంగాలి, వంగితే కొంచెం తెరిపి. మిషను ముందు కూర్చున్నవాడు వంగితే ఎవరికి అనుమానం వస్తుంది? వీధిలో అందరూ ఆయన్ని పనిరాక్షసుడంటారు. ఆ రాక్షసుడు ఆయన కడుపులో ఉన్నాడని మొదట్లో నాకూ, డాక్టరమ్మకీ మాత్రమే తెలుసు.

జబ్బు పేరు క్లోమం వాపు. పొట్ట వెనకాల నక్కి ఉండే గ్రంథి అది. తిన్నది అరగడానికి కావలసిన రసం అక్కడ ఊరుతుంది. ఆయనకి ఆ రసం పారే నాళంలో రాళ్ళు పేరుకున్నాయి. రసానికి దారి లేదు, నాళం ఉబ్బింది, గ్రంథి ఏళ్ళ తరబడి వాచి వాచి గట్టిపడుతోంది. తిన్నప్పుడల్లా నొప్పి. తినకపోతే నీరసం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో నాకు ఈయన కంచం చూశాకే బోధపడింది.

ఈ జబ్బు సంగతి తెలిసిన మూడో మనిషి మా వదిన, అంటే ఆయన అక్క. చెప్పకూడదనే అనుకున్నాను, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది కదా. కానీ ఆవిడ ముక్కు చాలా పదును. ఎవరినో కనుక్కుని వచ్చి నన్ను వంటింట్లోకి లాగింది.

"ఇది తాగేవాళ్ళకి వచ్చే రోగమటే. మా తమ్ముడు చాటుగా ఏమైనా..."

"చాటుగా తాగడానికి మీ తమ్ముడికి చాటెక్కడుంది వదినా? కొట్టుకి తలుపుల్లేవు, నా నోటికి తాళం లేదు. తాగితే ఈపాటికి ఊరంతా తెలిసేది."

తాగనివాళ్ళకీ వస్తుందనీ, కొందరికి పుట్టుకతో ఉన్న గుణం వల్ల వస్తుందనీ, కొందరికి ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేరనీ డాక్టరమ్మ చెప్పింది. సిగరెట్లు మాత్రం దానికి ఆజ్యం పోస్తాయంది. ఆయన ఆ రోజే మానేశారు. వదినకి ఇదంతా విడమరిచి చెప్పాను. ఆవిడ తల ఊపింది గానీ నమ్మినట్టు కనబడలేదు.

అసలు నా బాధ వేరు. ఊరెళ్ళిన మొగుడి మీద బెంగపెట్టుకుంటే లోకం జాలిపడుతుంది. గోడ అవతల ఉన్న మొగుడి మీద బెంగపెట్టుకుంటే నవ్వుతుంది. ఆయన వెల్లకిలా పడుకోలేరు, అందుకని మంచం వదిలేశారు. కొట్లోనే, గుడ్డ కత్తిరించే బల్ల మీద నాలుగు మడతల దుప్పటి వేసుకుని, కుర్చీలో కూర్చుని, దాని మీదకి వాలి నిద్రపోతారు. భోజనం కూడా అక్కడికే. "అర్జెంటు పని ఉందోయ్, ఇక్కడ పెట్టెయ్" అంటారు. పెట్టి వచ్చేస్తాను. తింటుంటే చూడనివ్వరు. నేనేమో వంటింట్లో నిలబడి, గిన్నెల మీంచి మూతలు తీసిన చప్పుడు కాకుండా, నాలుగు మెతుకులు దొంగతిండి తింటాను. తినలేని మనిషికి వినబడేలా తినడం ఎలా? ఒకప్పుడు ఇద్దరం ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, ఆ రోజు కొలతలివ్వడానికి ఎవరెవరొచ్చారో, ఎవరు పొట్ట లోపలికి బిగబట్టి నిలబడ్డారో చెప్పుకుంటూ తినేవాళ్ళం. నాకు ఆ మనిషి కావాలి. గోడ అవతల మిషను తొక్కే మనిషి కాదు, నా ఎదురుగా కూర్చునే మనిషి.

వైద్యం చేయించలేదా అంటే చేయించాం. బయటినుంచి ఏవో అదురులు పంపి రాళ్ళని పిండి చేశారు. నోట్లోంచి గొట్టం పంపి, నాళంలో దారి తెరుచుకుని ఉండేలా చిన్న ప్లాస్టిక్ గొట్టం పెట్టారు. అప్పుడు కొన్నాళ్ళు హాయిగా ఉన్నారు. తర్వాత ఆ గొట్టం పూడుకుపోతే మార్చారు. మళ్ళీ పూడుకుంది. నొప్పి మాత్రం అలిగి వెళ్ళిన అల్లుడిలా తిరిగొచ్చేసింది, ఈసారి సామానంతా తీసుకుని.

అందుకని మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. నిదానస్తురాలు, వయసు మా ఇద్దరికన్నా చిన్నది. ఆయన్ని "మాస్టారూ" అంటుంది. ఆ రోజు ఆయన తొందరలో మెళ్ళో కొలత టేపు తీయడం మరిచిపోయి వచ్చేశారు. ఆవిడ చూసి నవ్వింది.

"నాకు కొలతలు తీసుకుంటారా ఏంటి మాస్టారూ?"

"మీరు తెల్లకోటు తప్ప వేసుకోరు కదమ్మా, ఏం లాభం?" అన్నారాయన.

కొత్త స్కాను చూస్తూ ఆవిడ అడిగింది. "ఒళ్ళేమైనా తగ్గారా?"

ఆయన నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. మాటకి ముందు నేనుండాలి కదా. "అస్సలు తగ్గలేదు డాక్టరమ్మా. ఆయన వేసుకునేవి ఎప్పటివో పాత ప్యాంట్లే. ఇప్పటికీ నడుము దగ్గర అతికినట్టు ఉంటాయి. దర్జీ ఇల్లు మాది, కొలత తప్పితే మాకు తెలీదా?"

ఎంత ధీమాగా చెప్పానో తలుచుకుంటే ఇప్పుడు నాకు నేనే మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, తేలు కుట్టిన దొంగలాగా.

"సరే, ఒకసారి పొట్ట చూస్తాను. చొక్కా తీసి అలా మంచం మీద ఒరగండి" అంది డాక్టరమ్మ.

చొక్కా తీశారు. లోపల బనియను. దాని లోపల ఇంకో బనియను. దాని లోపల ఇంకోటి. ఉల్లిపాయ వలుస్తున్నట్టు ఒక్కొక్కటీ తీస్తుంటే నేను ముందు నవ్వాను. ఆఖరిది తీశాక నవ్వలేదు. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. భుజాల దగ్గర ఎముకలు పొడుచుకొస్తున్నాయి. చొక్కా భుజాల్లో పల్చటి మెత్త పెట్టి కుట్టుకున్నారు, భుజాలు జారిపోయిన ముసలాళ్ళకి పెట్టే మెత్తలాంటిదే. ముఖం కొంచెం లాగేసిందని నాకు అనిపించకపోలేదు. అడిగితే వయసొస్తోందోయ్ అనేవారు.

పరీక్ష చేయడానికని వేరే గౌను ఇచ్చారు. ఆయన విడిచిన ప్యాంటు నా చేతిలో ఉంది. దాన్ని తిరగేసి చూశాను. దర్జీ పెళ్ళానికి ఆ మాత్రం చదువు వస్తుంది. వెనక కుట్టు దగ్గర లోపలికి మడిచిన గుడ్డ అరచేయంత ఉంది. దాని మీద పాత కుట్లు విప్పేసిన సూది బెజ్జాల వరస. దానికి కొంచెం ఇవతల ఇంకో వరస. ఇంకొంచెం ఇవతల ఇంకోటి. ఒళ్ళు తగ్గినప్పుడల్లా మా ఆయన గోడ అవతల కూర్చుని నడుము బిగించుకుంటూ వచ్చారు. నేను ఇవతల కూర్చుని, మిషను నింపాదిగా నడుస్తోంది, ఇవాళ బాగున్నారు అనుకున్నాను.

చొక్కాతో పాటు తీసి పెట్టిన టేపు అందుకున్నాను. డాక్టరమ్మ చూస్తుండగానే ఆయన నడుము చుట్టూ వేసి పట్టుకున్నాను. ఎదుటివాళ్ళ కొలతలన్నీ నోటికి చెప్పే మనిషి, చేతులు పక్కకి ఎత్తి, చిన్నపిల్లాడిలా కదలకుండా నిలబడ్డారు.

"ఎంతమ్మా?" అంది డాక్టరమ్మ.

టేపు ఆవిడకే చూపించాను.

ఆవిడ కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. "చూడండి మాస్టారూ, ఇక గొట్టాలతో పని జరగదు. ఆపరేషనే మంచిదని నా ఉద్దేశం. ఉబ్బిన నాళాన్ని పొడుగునా తెరుస్తాం, రాళ్ళు తీసేస్తాం, పేగుని తెచ్చి దానికి కలిపి కుట్టేస్తాం. రసం నేరుగా పేగులోకి పోతుంది. చాలామందికి నొప్పి బాగా తగ్గుతుంది. అందరికీ తగ్గుతుందని మాటివ్వలేను. పాడైన గ్రంథి మళ్ళీ కొత్తది కాదు. అరుగుదల మాత్రలు జీవితాంతం వేసుకోవాలి, షుగరు కూడా రావచ్చు. కానీ ఈ ఒంటితో మిమ్మల్ని బల్ల మీద పడుకోబెట్టలేను. కుట్లు మానవు. ముందు మీరు తిని ఒళ్ళు చేయాలి."

"తింటేనే కదమ్మా నొప్పి" అన్నారాయన.

"అందుకే నొప్పి మోసే నరాల దగ్గర ఒక ఇంజెక్షన్ ఇస్తాను. అది శాశ్వతం కాదు, కొంతకాలమే పనిచేస్తుంది. ఆ కాస్త వ్యవధిలో మీరు తినాలి. నేనిచ్చిన అరుగుదల మాత్రలు ఎప్పుడు వేసుకుంటున్నారు?"

"తిన్నాక. కాసేపాగి. మందెప్పుడూ అన్నం తిన్నాకే వేసుకోవాలని మా అక్క..."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "అవి తిండితోపాటే లోపలికి వెళ్ళాలి మాస్టారూ. మొదటి ముద్దతో ఒకటి, మధ్యలో ఒకటి. అన్నం ముందు వెళ్ళిపోయాక మందు వెనకాల పరిగెత్తితే ఏం లాభం? ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదా?"

ఎవరు చూస్తారు? చూడాల్సినదాన్ని వంటింట్లో నిలబడి తింటున్నాను.

దారంతా మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం మా ఇంట్లో అరుదు గనక ఆయన భయపడ్డారు. ఇంటికొచ్చాక, కొట్లోకి వెళ్ళబోతుంటే అడ్డం నిలబడ్డాను.

"ఎందుకు దాచారు?"

"ఏం చేసేదానివి చెప్తే? నువ్వూ తిండి మానేసేదానివి. కందకి లేని దురద కత్తిపీటకెందుకని..."

"కందకి దురద ఉందని ఇవాళ కళ్ళారా చూశాను. నిజం చెప్పండి."

ఆయన కత్తిరించే బల్ల మీద వేళ్ళతో రాస్తూ నిలబడ్డారు. "తెలిస్తే ఆపరేషన్ అంటారని. భయం నాకు. రోజూ చేసే పనే కదా, కత్తెర సంగతి నాకు తెలుసు. ఒకసారి కత్తెర పెట్టాక గుడ్డ మళ్ళీ తానులో కలవదు. కొలత తప్పితే ఆ గుడ్డ గతి ఏంటో ఎన్నిసార్లు చూశాను! ఆవిడ పొరపాటు చేస్తుందని కాదు. నేను బల్ల మీద ఉంటాను, నా చేతిలో ఏమీ ఉండదు."

నాకు ముక్కు మీద కోపం. అది వచ్చింది. దాంతోపాటు ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి రావడంతో మాటలు తడబడ్డాయి.

"మీరు మీ ప్యాంటుకి వైద్యం చేసుకున్నారు, మీకు చేయించుకోలేదు. ఇలా బిగించుకుంటూ పోతే ఆఖరికి ఏం మిగులుతుంది? నడుం పట్టీ, బొత్తాం! ఆ బొత్తాన్ని పెట్టుకుని నేను కాపురం చేయాలా? నాకు మీరు కావాలండీ. మంచం మీద మీ వైపు నేను చేయి కూడా వేయను, చల్లగా తగులుతుందని. ఒక గోడకి ఇవతల ఉండి మీకోసం ఎదురుచూస్తున్నాను, మీకు తెలుసా?"

ఆయన తల ఎత్తి చూశారు. తెలియదని ఆయన ముఖంలో రాసి ఉంది. నొప్పితో ఉన్న మనిషికి నొప్పే కనబడుతుంది, నేను దాన్ని తప్పు పట్టను.

"అయినా ఆవిడ కత్తిరించి పారేస్తానందా?" అన్నాను కళ్ళు తుడుచుకుని. "విప్పి, దారి చేసి, కలిపి కుడతానంది. మీరు ఎందరి పాత కోట్లు విప్పి కుట్టలేదు? బిగుతైపోయిందని తెస్తే విప్పి వదులు చేసి ఇవ్వలేదు? ఆ కోట్లు చచ్చిపోయాయా?"

ఆయన మూతి ఒక పక్కకి వంచి నవ్వారు. "అయితే కొత్తది కుట్టడం కాదన్నమాట. ఆల్టరేషన్."

"ఆల్టరేషనే."

"ఆల్టరేషన్ పని కష్టం తెలుసా? కొత్తదానికన్నా కష్టం. విప్పుతుంటే గుడ్డ చిరగకూడదు."

"ఆ సంగతి ఆవిడకి చెప్పండి, వింటుంది."

నిజంగానే చెప్పారు. ఇంజెక్షన్ ఇచ్చిన రోజు డాక్టరమ్మకి పాత కుట్టు ఎలా విప్పాలో పాఠం చెప్పారు. ఆవిడ ఓపిగ్గా వింది.

ఇంజెక్షన్ నొప్పిని పూర్తిగా తీసేయలేదు, దాని గొంతు తగ్గించింది. ఆ కాస్త సందులో నేను చిన్న చిన్న గిన్నెల్లో, నూనె తగ్గించి, మెత్తగా వండి, మొదటి ముద్దతో మాత్ర మింగించి, కొట్లోనే ఆయన పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. ఆయన తినేవారు. రుచి కోసం కాదు, పాఠం అప్పజెప్పినట్టు, కళ్ళు మూసుకుని. ఏది పెట్టినా వంక పెట్టేవారు కాదు. బాగుందా అంటే బాగుందనేవారు. ఆ మంచితనం చూస్తే నాకు దిగులేసేది. ఎదురుగా కూర్చున్నా ఆయన ఇంకా గోడ అవతలే ఉన్నట్టు అనిపించేది.

తూకం పెరిగాక ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ గది తలుపు దగ్గరిదాకా మంచం వెంట నడిచాను. "జాగ్రత్త, మిషనుకి నూనె వెయ్యి" అన్నారు. మొగుళ్ళు పెళ్ళాలకి చెప్పే ఆఖరి మాటలు ఇలా ఉంటాయా అని ఏడుస్తూ బయట బల్ల మీద కూలబడ్డాను. పక్కన వదిన. ఆవిడ చాలాసేపు వేళ్ళు నలుపుకుంది.

"ఆ మాత్రలు తిన్నాక వేసుకోమన్నది నేనే. తాగుతున్నాడేమోనన్నదీ నేనే" అంది.

"పోనీలెండి వదినా. నేను డాక్టరమ్మకి కొలత తప్పదని చెప్పినదాన్ని. మనిద్దరి తెలివీ కలిపితే మీ తమ్ముడు ఇంకా బతికి ఉండడమే గొప్ప."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఒకరి చేయి ఒకరం గట్టిగా పట్టుకున్నాం. తలుపు తెరుచుకునేదాకా వదల్లేదు. డాక్టరమ్మ బయటికొచ్చి, మాస్క్ కిందికి లాగి, "కుట్లు బాగా పడ్డాయి, మీ ఆయనకి చెప్పండి" అంది.

ఇంటికి తెచ్చుకున్నాక చాలా రోజులు ఆయన పడకలోనే ఉన్నారు. కోత నొప్పి ఉంది, కానీ అది వేరే నొప్పి, రోజురోజుకీ తగ్గే నొప్పి. మిషను మూగగా ఉంది. దిండ్లకి ఆనుకుని, తర్వాత కొంచెం ఒరిగి, ఒక మధ్యాహ్నం వెల్లకిలా పడుకుని నిద్రపోయారు. గుమ్మంలో నిలబడి చూశాను. చేతులు బార్లా చాపి, నోరు తెరుచుకుని గురక పెడుతున్నారు. అవతలికి పోదామని అనుకుంటూనే అక్కడే నిలబడ్డాను. అయినా నాకు తృప్తి లేదు. ఆశ చెడ్డది, ఒకటి తీరితే ఇంకోటి అడుగుతుంది.

ఆ తర్వాత ఒక రోజు నేను గిన్నెలు సర్దుతుంటే, పిలవకుండానే, గోడ పట్టుకుని మెల్లగా నడిచి వచ్చి మధ్య గదిలో భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. నేను నోరు మెదపలేదు. మెదిపితే వెళ్ళిపోతారేమోనని భయం. ఆయనకి వడ్డించి, నాకూ వడ్డించుకుని ఎదురుగా కూర్చున్నాను. మొదటి ముద్దతో మాత్ర మింగారు. రెండో ముద్ద తిన్నారు. నేను నా కంచంలో చేయి పెట్టి ఊరికే కలుపుతూ ఆయన నుదుటి మీద చెమట పడుతుందేమో చూస్తున్నాను. మూడో ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. మొహం చిట్లించారు.

"ఇందులో ఉప్పెక్కడోయ్?" అన్నారు.

"ఏంటీ?"

"ఉప్పు. డాక్టరమ్మ నూనె తగ్గించమంది గానీ ఉప్పు మానేయమందా? చప్పిడిగా గడ్డి తిన్నట్టు ఉంది. ఇన్నాళ్ళూ ఇదేనా పెట్టావు నాకు?"

"ఇన్నాళ్ళూ బాగుంది బాగుంది అంటూ మింగినవాళ్ళెవరు? ఇప్పుడు నాలిక లేచొచ్చిందా? గడ్డి తింటారో ఏం తింటారో మీ ఇష్టం!" అని అరిచి, విసురుగా లేచి, ఉప్పు కోసం వంటింట్లోకి వెళ్ళాను.

ఉప్పు సీసా నా కళ్ళెదురుగానే ఉంది. కళ్ళనిండా నీళ్ళుండి కనబడలేదు. అరలన్నీ తడుముతున్నాను.

"ఏమోయ్!" అని అక్కడినుంచి కేకేశారు. "ఉప్పు కోసం సముద్రందాకా వెళ్ళావా? త్వరగా రావే, ఆకలేస్తోంది."

సీసా చేతికి తగిలింది. తీసుకుని కూడా వెంటనే వెళ్ళలేకపోయాను. గోడకి ఆనుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను, ఆయన ఆ ఆకలి మాట మళ్ళీ అంటారేమోనని.